కంప్యూటర్ మారితే మనతో వచ్చేదెంత?

మా మేనల్లుడికి మెకానికల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిన సాయంత్రమే ఫోన్ చేశాడు. "మావయ్యా, మ్యాక్ తీసుకోనా, విండోస్ తీసుకోనా?" వెనక నుంచి మా చెల్లెలి గొంతు: "అన్నయ్యా, ఏదో ఒకటి గట్టిగా చెప్పు. నాలుగేళ్ళ దాకా వీడు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు." నేను గట్టిగా ఏమీ చెప్పలేదు. "మీ కాలేజీలో మూడో ఏడాది పిల్లలు ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నారో ముందు కనుక్కో" అన్నాను. వాడికా జవాబు బొత్తిగా రుచించలేదు. ఏ రంగు చొక్కా కొనాలని అడిగితే పెళ్ళి ఎవరిదని ఎదురడిగినట్టుంది వాడికి.

కౌన్సెలింగ్ మొదలైన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా మన ఇళ్ళలో ఈ ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది. సలహాలకు కరువు లేదు. కాకపోతే చెప్పేవాళ్ళు చాలామంది తాము వాడుతున్నదే కొనమంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే బాబాయి కొడుకు మ్యాక్ అంటాడు, ఆఫీసు వాడి చేతికిచ్చింది అదే. ఆడిటర్ గారు విండోస్ అంటారు, ట్యాలీ దాని మీదే నడుస్తుంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి లినక్స్ అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతారు, ఎవరి నిజం వాళ్ళది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినవాళ్ళను అడిగి చూడండి. వాళ్ళు మెషిన్ గురించి తక్కువ, మారేటప్పుడు పోయిన వాటి గురించి ఎక్కువ మాట్లాడతారు.

నేనూ అలా మారినవాణ్ణే. చాలా ఏళ్ళు విండోస్, తర్వాత మ్యాక్, ఇప్పుడు ఒక పాత మెషిన్ మీద లినక్స్ కూడా. నాకు తోచినదేమంటే, మొదటి ల్యాప్‌టాప్ కొనేవాడి దగ్గర మా దగ్గర లేనిది ఒకటుంది: ఖాళీ చేతులు. వాడు మోసుకురావాల్సిన సామాను లేదు. కొన్న మర్నాటి నుంచే అది పోగుపడటం మొదలవుతుంది. కాబట్టి ఏది కొనాలన్న దానికంటే, రేపు దీన్నుంచి బయటపడాల్సి వస్తే ఏమేం నాతో వస్తాయన్నది ముందు చూసుకోవాలి.

ఆ సామాను ఎంత బరువో తెలియాలంటే జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కథ వినాలి. 2003లో ఆ నగరం తన ఆఫీసు కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చాలని తీర్మానించింది. తీర్మానానికి ముందు అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్కీయింగ్ సెలవు మధ్యలో ఆపుకుని మేయర్‌ను కలవడానికి వచ్చాడు. ధర తగ్గిస్తామన్నా నగరం వినలేదు. లిమక్స్ అని పేరు పెట్టుకుని, పదేళ్ళు పట్టి, సుమారు 15,000 కంప్యూటర్లు మార్చారు. తీరా 2017లో అదే నగర మండలి తిరిగి విండోస్‌కు పోదామంది. 2020లో కొత్త కూటమి వచ్చి మళ్ళీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గింది. ఇందులో రాజకీయం లేదని కాదు. కానీ రోజూ గుమాస్తాలను సతాయించింది రాజకీయం కాదు. ఒక్కో శాఖలో ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న నమూనా పత్రాలు, వాటిలోని మాక్రోలు వేలల్లో ఉన్నాయి. అవన్నీ పాత ప్రోగ్రాము భాషలో రాసుకున్నవి. బయటి ఆఫీసు నుంచి వర్డ్ ఫైలు వస్తే ఇక్కడ గళ్ళు పక్కకు జరిగేవి. లినక్స్ బాగానే నడిచింది, పాత కాగితాలే దాని మీద కుదురుగా కూర్చోలేదు.

కేరళ కూడా దాదాపు అదే కాలంలో అదే పని చేసింది. ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు కింద ప్రభుత్వ బడుల కంప్యూటర్లను లినక్స్‌కు తెచ్చారు. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే పెట్టారు. ఆ ప్రాజెక్టు 2017లో కైట్ అనే సంస్థ అయింది, లినక్స్ మాత్రం అలాగే ఉంది. మ్యూనిక్ ఇంజినీర్లు చేయలేనిది కేరళ టీచర్లు ఎలా చేశారు? శిక్షణ బాగా ఇచ్చారన్నది ఒక కారణం. నా లెక్కలో పెద్ద కారణం వేరే: ఎనిమిదో తరగతి పిల్లాడి దగ్గర పాత మాక్రోలు ఉండవు. వాడికది రెండో కంప్యూటర్ కాదు, మొదటిది.

ఈ పాత సామాను బరువు కంపెనీలకు మనకంటే ముందే తెలుసు. 1997 ఆగస్టులో బోస్టన్‌లో స్టీవ్ జాబ్స్ వేదిక మీద మాట్లాడుతుండగా వెనక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం ప్రత్యక్షమైంది. సభలో కొందరు గోల చేశారు. ఆపిల్‌లో మైక్రోసాఫ్ట్ పెట్టిన 15 కోట్ల డాలర్ల పెట్టుబడి గురించే అందరూ రాశారు. ఆపిల్‌కు ఊపిరి పోసింది మాత్రం ఆ ఒప్పందంలోనే ఉన్న ఇంకో మాట, ఐదేళ్ళపాటు మ్యాక్‌కు ఆఫీస్ తయారుచేస్తామన్నది. వర్డ్, ఎక్సెల్ లేని మ్యాక్‌ను ఎంత అందంగా చేసినా ఆఫీసువాడు కొనడని ఇద్దరికీ తెలుసు. ఆపిల్ తన మెషిన్ల గుండెను మూడుసార్లు మార్చింది: 1994లో మోటరోలా చిప్ నుంచి పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో సొంత ఎం1 చిప్‌కు. ప్రతిసారీ పాత ప్రోగ్రాములు కొత్త చిప్ మీద నడిచేలా మధ్యలో ఒక దుబాసీని పెట్టింది. తర్వాతి రెండుసార్లూ దాని పేరు రొసెట్టా. కొన్నేళ్ళయ్యాక ఆ దుబాసీని ఇంటికి పంపేస్తుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి, సెకండ్‌హ్యాండ్ దగ్గర పనికొస్తుంది.

మ్యూనిక్ దాకా ఎందుకు, మన డీటీపీ సెంటర్లనే చూడండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పటికీ పెళ్ళి శుభలేఖ, పార్టీ కరపత్రం, సంస్మరణ సంచిక చాలాచోట్ల దాన్లోనే అను ఫాంట్లతో తయారవుతాయి. షాపులో కొత్త కంప్యూటర్ ఉన్నా పక్కన పాతదొకటి గుడ్డ కప్పుకుని ఉంటుంది. కారణం పిసినారితనం కాదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు, అక్కడి ఫైళ్ళు వేరేచోట సరిగా తెరుచుకోవు, ఆపరేటర్ వేళ్ళకు ఇంకో కీబోర్డు రాదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆ ఆపరేటర్లు చాలామంది వాడే కీల వరుసను 'ఆపిల్ కీబోర్డు' అంటారు. అది అలవాటైనవాళ్ళలో ఎందరో జన్మలో మ్యాక్ ముఖం చూడనివాళ్ళు. పేరు ఆపిల్‌ది, మెషిన్ విండోస్‌ది, వేళ్ళు తెనాలివో నల్లగొండవో.

నా సామాను కూడా అలాంటిదే. పాత ఫాంట్లలో కొట్టిన వ్యాసాలు వందకు పైగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్త మ్యాక్‌లో తెరిచాను. తెరనిండా టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, పౌండు గుర్తులు, ప్రశ్నార్థకాలు. మా నాన్న మీద రాసిన వ్యాసం కూడా అందులోనే ఉంది, ఒక్క ముక్క చదవబుద్ధి కాలేదు. మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి, చాలావరకు పని చేస్తాయి కూడా. కానీ ఆ పాత ఫాంట్లలో అక్షరం ఎలా పలుకుతుందన్నది లెక్క కాదు, కంటికి ఎలా కనబడుతుందన్నదే లెక్క. క్రావడి ముందు, దాన్ని మోసే అక్షరం తర్వాత. యూనికోడ్‌లో అక్షరం, పొల్లు, ఆ తర్వాత ర. ఈ తిరగేతలో కొన్ని క్రావడులు పక్కింటికి పోయాయి. 'ప్రయాణం' చాలాచోట్ల 'పయాణం' అయింది. 'శ్రీ'లు కొన్ని వట్టి 'శీ'లుగా మిగిలాయి. రెండు నెలలు ఆదివారాలన్నీ కూర్చుని దిద్దాను. ల్యాప్‌టాప్ ధర బిల్లులో ఉంది, ఆ ఆదివారాలు ఏ బిల్లులోనూ లేవు.

ఇప్పటి పిల్లలకు ఈ బాధ లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, వీవెన్ తయారుచేసిన లేఖిని మనవాళ్ళను ఒడ్డుకు చేర్చాయి. మ్యాక్ ఆలస్యంగా మేలుకుంది, 2011 నాటి లయన్‌తో గానీ సొంత తెలుగు ఫాంట్లు పెట్టలేదు. 2018 ఫిబ్రవరిలోనైతే, లోపల కంటికి కనబడని ఒక గుర్తు దాచుకున్న 'జ్ఞా' అనే ఒక్క అక్షరం కనబడితే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఎవరైనా ఆ అక్షరాన్ని మెసేజ్‌లో పంపితే మెసేజ్ యాప్ తెరుచుకునేది కాదు. ప్రపంచమంతా నవ్వుకుంది. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. జ్ఞానం అంటే ఎంత భయమో అని మనమూ రెండు రోజులు నవ్వుకున్నాం. ఇవాళ మూడింటిలోనూ తెలుగు చదవడానికి, రాయడానికి ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ మూడింటిలోనూ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి విండోస్‌లో 2019 నుంచి దానితోపాటే వస్తోంది. లినక్స్‌లో ఐబస్ వేసుకుంటే మన డీటీపీ వాళ్ళ ఆపిల్ వరుస కూడా దొరుకుతుంది. ఆపిల్ వరుస కోసం లినక్స్‌కు వెళ్ళడం ఎవరూ ఊహించి ఉండరు.

ఫైళ్ళ తర్వాత వేళ్ళు. విండోస్ నుంచి మ్యాక్‌కు వచ్చినవాళ్ళ ఎడమచేతి చిటికెనవేలు కొన్ని వారాలు పిచ్చిదానిలా తిరుగుతుంది. కాపీ చేయాలంటే కంట్రోల్ కాదు, బొటనవేలి కింద ఉన్న కమాండ్. కిటికీ మూసే బొత్తాం కుడి నుంచి ఎడమకు పోయింది, అది నొక్కినా ప్రోగ్రాము ఆగదు, కింద చుక్క పెట్టుకుని బతికే ఉంటుంది. ఫైలును ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికిద్దామంటే కట్ పని చేయదు. ముందు కాపీ చేసి, అతికించేటప్పుడు ఆప్షన్ కీ కలపాలి. ఇంటి దగ్గర ఫోటోలు దాచుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ విండోస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ దాని మీద రాయదు. నాకు ఇవన్నీ ఒంటికి పట్టడానికి మూడు వారాలు పట్టింది. తర్వాత ఆఫీసులో విండోస్ ముందు కూర్చుంటే మళ్ళీ తడబాటు. మూడు వారాలు పెద్ద ధరేమీ కాదు, కానీ పరీక్షల ముందు మాత్రం ఈ మార్పు పెట్టుకోకూడదు.

మా వాడికి ఎదురుప్రశ్న వేసింది ఇందుకే. ప్రతి చదువులోనూ, ప్రతి వృత్తిలోనూ కదలని ప్రోగ్రాము ఒకటుంటుంది. మెకానికల్ వాళ్ళకు సాలిడ్‌వర్క్స్, అది విండోస్ మీదే నడుస్తుంది. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్ళకు స్టాడ్ ప్రో, రెవిట్, వాటిదీ అదే దారి. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది. ఎలక్ట్రానిక్స్ వాళ్ళ వివాడో విండోస్, లినక్స్ మీద నడుస్తుంది, మ్యాక్ మీద కాదు. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ వదిలి రాదు. కామర్స్ చదివి అకౌంట్స్‌లోకి పోయేవాళ్ళకు ట్యాలీ, అంటే విండోస్. కంప్యూటర్ సైన్స్ వాళ్ళ పైథాన్, జావా, మ్యాట్‌ల్యాబ్, వీఎస్ కోడ్ మూడింటిలోనూ హాయిగా ఉంటాయి, ఎంచుకునే స్వేచ్ఛ నిజంగా ఉన్నది వాళ్ళకే. బీఏ, బీఎస్సీ, లా చదివేవాళ్ళకు బ్రౌజర్, వర్డ్ లాంటిదొకటి ఉంటే చాలు. కానీ వాళ్ళే ఎక్కువ ఖరీదైనది కొంటారెందుకో!

ఎం చిప్ మ్యాక్ మీద కూడా విండోస్ నడపొచ్చు కదా అంటారు. నడపొచ్చు, పారలల్స్ లాంటి వాటిలో. కాని ఇంటెల్ మ్యాక్‌లలో విండోస్‌ను నేరుగా నడిపిన బూట్ క్యాంప్ వీటిలో లేదు. లోపల నడిచేది ఆర్మ్ చిప్‌కు రాసిన విండోస్. పెద్ద ఇంజినీరింగ్ ప్రోగ్రాముల కంపెనీలు చాలావరకు దానికి హామీ ఇవ్వవు. రికార్డు సబ్మిట్ చేయాల్సిన రాత్రి ఆ ప్రయోగం చేయాలా?

మూడింటి ఇప్పటి పరిస్థితి క్లుప్తంగా చెబుతాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. కాబట్టి ఎవరైనా ఏడో తరం ఐ7ను 'ఐ7 అండీ' అని అమ్మజూపితే ఆ 7ను చూసి మురిసిపోవద్దు. మ్యాక్ వైపు ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోనే చివరి వెర్షన్ అని ఆపిల్ 2025లో చెప్పేసింది. దుబాసీని ఇంటికి పంపే రోజులు మళ్ళీ వచ్చాయి. తక్కువకొస్తుందని ఇంటెల్ మ్యాక్‌బుక్ కొనడం నా దృష్టిలో తప్పు, పాత ఎం1 ఎయిర్ అంతకంటే ఎంతో నయం. దానిలో ఫ్యాన్ కూడా ఉండదు, మన దుమ్ములో అదొక సుఖం. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ బాగుంటుంది. ఆ చిప్‌కు డ్రైవర్ లేకపోతే ఇంట్లోని పాత ప్రింటర్ మాత్రం పలకదు.

లినక్స్ గురించి మనవాళ్ళలో అనవసరమైన భయం, అనవసరమైన భక్తి రెండూ ఉన్నాయి. లినక్స్ మింట్ వేసిన పాత మెషిన్ మీద నేను ఈ వ్యాసం రాస్తున్నాను, విండోస్ 11 దీన్ని కాదంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే, వైఫై పట్టుకుందా, సౌండ్ వచ్చిందా అని గంటసేపు చూసుకోవచ్చు. మిగతా రెండూ ఇవ్వని మర్యాద ఇది. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ మాత్రం లినక్స్‌ను లోపలికి రానివ్వదు. అందుకే విద్యార్థి ఏకైక ల్యాప్‌టాప్‌గా దాన్ని నేను సిఫారసు చేయను, విండోస్ పక్కన రెండో గదిలా ఉంటే మంచిది. క్రోమ్‌బుక్ బడి పిల్లలకు చాలు, ఇంజినీరింగ్‌కు చాలదు.

ఇక కొనడం. హైదరాబాద్ వాళ్ళకు పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ తెలియకుండా ఉండదు. అక్కడ ఏ కౌంటర్ ముందు నిలబడినా మొదట వినబడేది ప్రాసెసర్ పేరు. నన్నడిగితే అది చివర చూడాల్సింది. ముందు ర్యామ్. 8 జీబీతో ఇవాళ బండి నడుస్తుంది, మూడో ఏడాదికి ఈడుస్తుంది. ఆపిల్ కూడా 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ను 16 జీబీకి పెంచింది. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. 'ఇంకో స్లాట్ ఖాళీగా ఉందా?' అని అడిగితే సేల్స్ అబ్బాయి 'ఉంటుంది సార్' అంటాడు. 'ఉంది' అనిపించుకోండి, మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా రాసుకుని కంపెనీ సైటులో సరిచూసుకోండి. ఒకే పేరుతో మంచి స్క్రీను, నాసిరకం స్క్రీను రెండూ వస్తాయి. పక్క నుంచి చూసినప్పుడు రంగులు వెలిసిపోతే అది నాసిరకం. మూత అంచు పట్టుకుని కొద్దిగా మెలిపెట్టి చూడండి, అబ్బాయి ముఖం చిట్లించినా సరే. బరువు కూడా చూడాలి. గేమింగ్ ల్యాప్‌టాప్ దాని ఇటుకలాంటి చార్జరుతో కలిపి మూడు కిలోల దాకా ఉంటుంది, హాస్టల్ మూడో అంతస్తు మెట్ల మీద ఆ సంగతి తెలుస్తుంది. బిల్లులో 'డాస్' అని ఉంటే లోపల విండోస్ లేదని అర్థం. షాపువాడు 'మేం వేసిస్తాం' అన్న విండోస్‌కు లైసెన్స్ ఉండకపోవచ్చు.

కొన్నాక షాపులో జరిగే పది నిమిషాల తంతు గురించి ఎవరూ హెచ్చరించరు. మా స్నేహితుడి కూతురికి ఒక షాపులో ల్యాప్‌టాప్ కొన్నారు. అక్కడి కుర్రాడు చకచకా సెటప్ చేసి ఇచ్చాడు, తన దగ్గరున్న ఏదో మెయిల్ అకౌంటుతో. ఆ అమ్మాయి తర్వాత తన పేరు పెట్టుకుంది, అంతా బాగుంది. రెండేళ్ళకు బోర్డు పోయి మార్పిస్తే నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. కొత్త విండోస్ మెషిన్లు మొదట లాగిన్ అయిన అకౌంటులో ఆ కీ దాచి, డిస్క్‌కు తమంతట తామే తాళం వేసుకుంటాయి. తాళంచెవి కుర్రాడి అకౌంటులో ఉంది, కుర్రాడు ఉద్యోగం మానేశాడు. ప్రాజెక్టు రిపోర్టు, తాతగారి ఆఖరి ఫోటోలు ఆ డిస్క్‌లోనే ఉండిపోయాయి.

మా మేనల్లుడు వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. "మావయ్యా, సాలిడ్‌వర్క్స్ అట." గొంతులో కొంచెం నిరాశ. విండోసే కొన్నాం, 16 జీబీ, రెండో స్లాట్ నిజంగానే ఖాళీగా ఉంది. షాపులో సీల్ విప్పనివ్వలేదు. ఇంటికొచ్చి వాడి చేతనే, వాడి మెయిల్‌తోనే సెటప్ చేయించాను. ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున నేను చదువుతుంటే వాడు తెల్లకాగితం మీద రాశాడు, ఒకచోట తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచి. మా చెల్లెలు ఆ కాగితాన్ని మడిచి, వాడి పదో తరగతి మెమో ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద దాచింది.